సీసా మీద ఊరి పేరు

త్లాకొలూలా ఆదివారం సంతలో సారా కొనాలంటే సీసా మనమే పట్టుకెళ్లడం మంచిది. లేకపోతే ఎవరో తాగి పడేసిన కూల్‌డ్రింక్ సీసా కడిగి అందులో పోసిస్తారు. నేను ఆగిన చోట ఒక పెద్దావిడ టార్పాలిన్ నీడలో కూర్చుని, పక్కన తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు వరసగా పెట్టుకుంది. ఏ క్యాన్‌లో ఏముందో గుర్తుండేందుకు మూతలకి రంగు గుడ్డపీలికలు కట్టింది. ఎర్రది మామూలు రకం, నీలంది కొండ రకం. అంతకు మించి వివరాలు కావాలంటే ఆవిణ్ణే అడగాలి. అడిగితే ఓపిగ్గా చెబుతుంది: ఏ ఊళ్లో కాచారు, ఎవరు కాచారు, వానలకి ముందు కాచిందా, తర్వాతా. ఆవిడ సరుక్కి లేబుల్ ఆ గుడ్డపీలిక, ఆవిడ నోరు.

మెక్సికో దక్షిణాన, వహాకా రాష్ట్రంలో ఉందీ ఊరు. ఇక్కడి సారా పేరు మెస్కాల్. ఇదే సరుకు చక్కటి సీసాలో, చక్కటి లేబుల్‌తో న్యూయార్క్ బార్లలోకి ఎక్కేసరికి ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలలో పల్లెకి తిరిగొచ్చేది ఎంత, అందులో డిజైనర్ల పాత్ర ఎంత అన్నది చూద్దామనే బయల్దేరాను.

నాతో వచ్చింది మా అన్నయ్య కూతురు. హైదరాబాద్‌లో డిజైన్ చదివి, ఇప్పుడు మెక్సికో సిటీలో ఒక చిన్న స్టూడియోలో పనిచేస్తోంది. సారా సీసాలకి లేబుళ్లు గీయడం దాని ఉద్యోగంలో పెద్ద భాగం. మా వదిన ఈ సంగతి చుట్టాలకి చెప్పాల్సివచ్చినప్పుడు ‘ఫుడ్ ప్యాకేజింగ్’ అంటుంది.

“ఇది వాసన చూడు బాబాయ్,” అంటూ చిన్న చిప్ప చేతికిచ్చింది. “ముందు పొగ తగులుతుంది. ఆ వెనకాల పండు వాసన రావాలి. ఉత్త పొగే వస్తే కొనొద్దు.”

మన రాయలసీమలో చేలగట్ల మీద కంచెగా కనిపించే కిత్తనార ఉంది చూశారూ, ఆ కుటుంబం మొక్కలే ఇక్కడ కొండవాలు నిండా. మనకి ఆ మొక్క వచ్చిందీ ఈ దేశం వైపు నుంచే. మనం నార తీసి తాళ్లు పేనుకుని ఊరుకున్నాం. వీళ్లు తాళ్లూ పేనారు, సారా కూడా కాచారు. ఎక్కువగా సాగుచేసే రకం ఎస్పదీన్. అది కోతకి రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. రాళ్ల సందుల్లో తనంతట తానే మొలిచే తెపెస్తాతే రకానికైతే ఇరవై ఏళ్లు కూడా పట్టొచ్చు. మొక్క బతుకంతా కలిపి ఒక్కసారే పూస్తుంది, పూశాక చస్తుంది. అందుకని పూకాడ లేవగానే దాన్ని నరికేసి, తీపంతా మొదట్లో చేరనిచ్చి, ఆకులు చెక్కి బోదె తీస్తారు. ఆ బోదెని వీళ్లు ‘అనాసపండు’ అనే పిలుస్తారు, చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఇరవై ఏళ్ల మొక్కని నరికి కాచిన సారాని పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి అమ్ముకునే మనిషికి డిజైనర్ ఏం చేసిపెట్టగలడు? అందమైన సీసా ఇస్తాడు. మొదటగా అందరికీ తోచేది అదే.

అందం ఏం చేస్తుందో చూడ్డానికి శాన్ బార్తొలో కొయొతెపెక్ మంచి చోటు. వహాకా పట్నం నుంచి దక్షిణంగా ఒకోత్లాన్ వైపు వెళ్లే దారిలో, షేర్ టాక్సీలో కాసేపట్లోనే చేరిపోవచ్చు. నల్ల కుండల ఊరు. వెండిలా మెరిసే నల్లటి కూజాలు, దీపాలు, పూలకుండీలు దుకాణాల నిండా ఉంటాయి. మెరుపు లేని బూడిదరంగు కుండలు మాత్రం వెతుక్కోవాలి. ఒకప్పుడు ఊరంతా చేసింది అవే. నీళ్లు మోయడానికి, మెస్కాల్ నిలవ చేయడానికి, గాడిదల మీద కొండలు దాటించడానికి అవే వాడేవారు. గట్టిగా కాల్చేవారు కాబట్టి చుక్క కారేది కాదు. 1950లలో ఈ ఊరి కుమ్మరి దోన్యా రోసా ఒక కిటుకు కనిపెట్టింది. పచ్చికుండ ఆరీఆరకుండానే స్ఫటికంతో రుద్ది, కాస్త తక్కువ వేడిలో, పొగ బయటికి పోనీకుండా కాలిస్తే నలుపు మెరుపెక్కుతుంది. ఆ మెరుపు కోసం జనం ఎగబడ్డారు. ఆవిడ 1980లో చనిపోయింది. ఆవిడ పేరు మీది బట్టీ ఇంకా నడుస్తోంది, టూరిస్టు బస్సులు గుమ్మంలోనే ఆగుతాయి. ఒక్కటే తేడా, ఈ మెరిసే కుండలో నీళ్లు పోస్తే ఊరిపోతాయి. సారా సంగతి చెప్పనక్కర్లేదు.

“అయితే ఇది చెడ్డ డిజైన్ అంటావా?” అని అడిగింది మా అమ్మాయి.

అనను. ప్లాస్టిక్ క్యాను రానే వచ్చింది కాబట్టి మోతకుండ ఎలాగూ పోయేదే. మెరుపు వల్ల ఊరికి ఇంకో బతుకుతెరువు దొరికింది. అయితే ఒక సంగతి గమనించాలి. మెస్కాల్‌కీ కుండకీ ఉన్న చుట్టరికం ఆ మెరుపుతోనే తెగింది. కుమ్మరి టూరిస్టు వైపు తిరిగాడు, సారా కాచేవాడు ప్లాస్టిక్ వైపు తిరిగాడు. ఇప్పుడు ఈ ఊళ్లో మెస్కాల్ పేరు చెప్పుకుని మిగిలింది కోతిబొమ్మ ఆకారంలో చేసే మట్టిసీసా. బొమ్మగా కొనుక్కుని షెల్ఫులో పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

కుండ ఇంకా పొయ్యి మీదే ఉన్న ఊరు అదే దారిలో ఇంకొంచెం దూరంలో ఉంది, శాంతా కతరీనా మీనస్. ఇక్కడ రాగి బట్టీలు వాడరు. మట్టికుండ కింద కట్టెల మంట. కుండ మీద అడుగు లేని ఇంకో కుండ. దాని నెత్తిన లోహపు గిన్నె, అందులో చన్నీళ్లు. ఆవిరి లేచి గిన్నె అడుగుకి తగిలి చల్లబడి చుక్కలుగా రాలుతుంది. ఆ చుక్కల్ని లోపల ఒక చెక్కగరిటె పట్టుకుని, రెల్లుగొట్టంలోకి వదులుతుంది. చప్పుడు లేదు, హడావిడి లేదు, సన్నటి ధార. ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పసారా కాచే పద్ధతి చూసినవాళ్లెవరికైనా ఇది కొత్తగా అనిపించదు. కుండ మీద కుండ, పైన చన్నీళ్ల గిన్నె, అదే అమరిక. ఇది కాకతాళీయం కాకపోవచ్చు కూడా. 1565 నుంచి రెండున్నర శతాబ్దాల పాటు ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మెక్సికో తీరానికీ మధ్య స్పెయిన్ ఓడలు నడిచాయి. వాటిలో వచ్చిన ఫిలిప్పీన్స్ మనుషులు పశ్చిమ తీరంలో, కొలీమా ప్రాంతంలో కొబ్బరికల్లు నుంచి సారా కాచారు. మెక్సికో పల్లెల మట్టిబట్టీలు వాళ్ల చేతి చలవేనని కొందరు పరిశోధకుల వాదన. ఆసియా కుండ ఇంత దూరం వచ్చి ఇక్కడి మట్టితో మళ్లీ పుట్టిందన్నమాట. ఎవరు గీశారో తెలియని డిజైన్. ఇన్ని వందల ఏళ్లు నిలిచింది.

మీనస్‌లో ‘రియల్ మినేరో’ అనే కుటుంబం పేరు మెస్కాల్ లోకంలో బాగా వినిపిస్తుంది. దాన్ని నడిపే గ్రాసియేలా ఆంహెలెస్ కర్రెన్యో కిత్తనారని పిలకల నుంచి కాకుండా విత్తనాల నుంచి పెంచడం మీద పట్టుదలగా పనిచేస్తోంది. పిలక నాటితే తల్లిమొక్కే మళ్లీ వస్తుంది, ఒక తెగులు వస్తే తోటంతా పోతుంది. విత్తనం కావాలంటే కొన్ని మొక్కల్ని నరక్కుండా పూయనివ్వాలి. పూస్తే రాత్రిళ్లు గబ్బిలాలు వచ్చి పరాగం మోస్తాయి. 2016లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త రొద్రీగో మెదెయిన్ బృందం, తోటలో ఐదు శాతం మొక్కల్ని పూతకి వదిలేసినవాళ్లకి గబ్బిలం గుర్తున్న స్టిక్కర్ ఇవ్వడం మొదలుపెట్టింది. చూడ్డానికి చిన్న కాగితం ముక్కే గానీ, అది సీసా మీద ఉండాలంటే చేలో ఏదో ఒకటి మారాలి. నా లెక్కలో మంచి లేబుల్‌కి పరీక్ష ఇదే. చాలా లేబుళ్లు ఇందులో తప్పుతాయి.

మెస్కాల్ సీసా చరిత్రలో మొదటి ‘హిట్’ డిజైన్ మాత్రం పురుగు. కిత్తనార బోదెలో ఉండే పురుగుని సీసాలో వేసి అమ్మడం 1950 ప్రాంతంలో ఒక వ్యాపారి మొదలెట్టాడు. దాంతో దశాబ్దాల పాటు ప్రపంచానికి మెస్కాల్ అంటే పురుగున్న సీసా, కాలేజీ కుర్రాళ్ల పందెం. ఆ సీసా ఏ ఊరిది, ఎవరు కాచారు అని అడిగినవాడు లేడు. అడిగినా సీసా మీద జవాబు లేదు.

ఆ జవాబుని సీసా మీదికి తెచ్చింది ఒక చిత్రకారుడు. అమెరికాకి చెందిన రాన్ కూపర్ 1995లో ‘డెల్ మగేయ్’ అనే బ్రాండు పెట్టాడు. ఒక సీసాలో ఒక ఊరి సారా మాత్రమే పోయాలని, ఆ ఊరి పేరే సీసాకి పెట్టాలని నియమం పెట్టుకున్నాడు. చిచికాపా, శాన్ లూయిస్ దెల్ రీయో లాంటి పేర్లు అమెరికా బార్లలో వినపడ్డం అప్పుడు మొదలైంది. లేబుల్ బొమ్మలు అతని స్నేహితుడు, శిల్పి కెన్ ప్రైస్ వేశాడు. పిల్లలు రంగు పెన్సిళ్లతో గీసినట్టు కొండలు, గుడిసెలు, ఎర్రటి ఆకాశం. తర్వాత వచ్చిన బ్రాండ్లు ఇంకో అడుగు వేశాయి. ‘మెస్కాల్ వాగో’ లేబుల్ మీద బొమ్మే ఉండదు. కిత్తనార పిప్పితో చేసిన గరుకు కాగితం మీద కాచినవాడి పేరు, ఊరు, మొక్క రకం, ఎలా దంచారు, ఎందులో కాచారు, ఎన్ని లీటర్లు వచ్చాయి, ఇవన్నీ వరసగా అచ్చేస్తారు. రేషన్ కార్డు చదివినట్టు చదువుకోవాలి. నాకు నచ్చిన లేబుల్ అది.

“మా స్టూడియోలో దాన్ని చూసి బోరింగ్ అంటారు బాబాయ్.”

“నువ్వేమంటావు?”

“అసూయ పడతాను.”

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే లేబుల్ మీద ఏం రాయొచ్చో చివరికి తేల్చేది అదే. మెస్కాల్ అనే పేరుకి మెక్సికో ప్రభుత్వం 1994లో ప్రాంతీయ హక్కు ఇచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో, ప్రమాణాల ప్రకారం కాచి, పరీక్షలు చేయించుకుని, హోలోగ్రాం అంటించుకున్న సారాకే ఆ పేరు. 2016 నాటి ప్రమాణం ఇంకో మెలిక పెట్టి మెస్కాల్‌ని మూడు తరగతులు చేసింది. ఫ్యాక్టరీ యంత్రాలతో తీసింది ఉత్త మెస్కాల్. గోతిలో కాల్చి, రాతిగానుగలోనో అలాంటి వాటిలోనో దంచి, నేరుగా మంట మీద కాచింది ‘అర్తెసనాల్’. మీనస్‌లోలా మట్టికుండలో కాచింది ‘అన్సెస్త్రాల్’. ఈ మూడో మాట వల్ల కుండబట్టీ వాళ్లకి నిజంగా విలువ పెరిగింది. పరీక్షల ఖర్చు, కాగితాల తిరుగుడు భరించలేని చిన్నవాళ్లు మాత్రం తాత కాలం నుంచి కాస్తున్న సారాని మెస్కాల్ అని రాయడానికి వీల్లేదు. ‘కిత్తనార సారా’ అనే అర్థం వచ్చే మాటేదో రాసుకోవాలి. 2015లో అధికారులు అలాంటి సరుక్కి ‘కోమిల్’ అనే, ఎవరూ వినని పేరు అంటగట్టబోయారు. గొడవ లేచి అది వీగిపోయింది. అంత గొడవ ఎందుకంటారేమో. పేరు ఊడిపోయిన సరుకు మళ్లీ క్యాన్‌లోకే పోతుంది, అందుకు.

2011లో పత్రాలున్న మెస్కాల్ తయారీ దాదాపు 10 లక్షల లీటర్లు. 2022 నాటికి అది కోటీ 41 లక్షలు దాటింది. అందులో అత్యధిక భాగం వహాకాదే. ఆ ఎదుగుదల వెంట పెద్ద కంపెనీలూ వచ్చాయి. డెల్ మగేయ్‌లో మెజారిటీ వాటా 2017లో ఫ్రాన్స్ కంపెనీ పెర్నో రికార్ చేతికి వెళ్లింది. ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే అమెరికా టీవీ సీరియల్ నటులు ఇద్దరు 2019లో సొంత మెస్కాల్ బ్రాండు పెట్టారు. ఆ సీసాల్లోని సరుకూ ఇదే రాష్ట్రంలోని పల్లెలో కాచిందే, అయితే కొనేవాడి కళ్లకి కనిపించేది నటుల మొహాలు. బ్రాండు వేరేవాళ్లది అయినంత కాలం కాచేవాడు లీటరు లెక్కన డబ్బు తీసుకునే కూలీనే. ఊరి పేరు అచ్చువేసిన సీసా అయినా సరే. ఒక బట్టీ దగ్గర నాకు సారా రుచి చూపించినాయన ఆ సంగతే వేరేలా చెప్పాడు. “నా పేరు వేస్తున్నారు, సంతోషం. ఆ పేరు చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడు ముందు వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేస్తాడు.”

ఆయన రుచి చూపించిన తీరు చెప్పాలి. సన్నటి రెల్లుగొట్టం ఒక కొస సారాలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. వేలితో మూసి పైకెత్తి, చిప్పలోకి ధారగా వదిలాడు. ధార పడిన చోట బుడగలు లేచి అంచు వెంట గొలుసు కట్టాయి. వాటిని ‘ముత్యాలు’ అంటారు. బుడగల సైజు, అవి ఎంతసేపు నిలిచాయన్నది చూసి ఘాటు చెప్పేస్తారు. నలభై ఎనిమిది అన్నాడాయన. మా అమ్మాయి సంచీలోంచి హైడ్రోమీటర్ తీసి ముంచింది. నలభై ఎనిమిదికి ఓ వెంట్రుకవాసి కింద ఆగింది. ఆయన ఆ పరికరం వైపు చూడను కూడా చూడలేదు. తర్వాత మాకు పోసిచ్చింది గాజుగ్లాసులో. చర్చిలో వెలిగించే కొవ్వొత్తి గ్లాసు అది, మైనం అయిపోయాక కడిగి వాడుకుంటారు, అడుగున శిలువ గుర్తు ఉంటుంది. పట్నం బార్లలో ఇప్పుడు అవే గ్లాసులు కొవ్వొత్తి లేకుండా కొత్తవి తెచ్చి పెడుతున్నారు.

మాది నెల్లూరు జిల్లా. ఈ గ్లాసు చేతిలో ఉండగా నాకు హాయిగా అనిపించిందని రాస్తే అబద్ధం. సారా అనగానే మా వైపు వాళ్లకి గుర్తొచ్చేది దూబగుంట. 1992లో వర్ధినేని రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది జిల్లాలు దాటి పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చి, రెండేళ్లకే సడలిపోయింది. అంతకు ముందు 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోయించి ఊరూరికీ పంపిన సంగతి మా తరం మర్చిపోదు. ఆ ప్యాకెట్ కూడా డిజైనే. చాలా సమర్థమైన డిజైన్. పగలదు, జేబులో పడుతుంది, పొలం గట్టు మీద పళ్లతో చించి తాగొచ్చు, ఆ పూట కూలి డబ్బుకి సరిపోయే కొలత. దాని మీద కాచినవాడి పేరుండదు, ఊరుండదు, ఏ సరుకుతో కాచారో ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు, తాగేవాడికి కావలసింది నిషా, సర్కారుకి కావలసింది రాబడి. ఇంటికొచ్చే కూలి డబ్బు మటుకు సగమైంది.

ఇదంతా చెబితే మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. నిషేధం నాటికి పుట్టని పిల్ల. చివరికి అడిగింది, “ఒక్కో ప్యాకెట్ ఎన్ని ఎమ్మెల్ బాబాయ్?” డిజైనర్ అనిపించుకుంది.

వహాకాలో తాగి పడిపోయేవాళ్లు లేరా అంటే ఉన్నారు. సంత మూసే వేళకి గోడవార పడుకున్నవాళ్లని నేనూ చూశాను. పెళ్లికీ చావుకీ మెస్కాల్ ఉండాల్సిందే అనే లోకంలో ఆ బాధ లేకుండా ఉండదు. కాకపోతే ఇక్కడ సారా కాచేవాడు ఆబ్కారీ వాళ్లని చూసి పరిగెత్తే దొంగ కాదు. ఊళ్లో పెద్దమనిషి. మన దగ్గర ఇప్పసారా కాచే ఆదివాసీకి ఆ హోదా ఎప్పుడూ రాలేదు. 2022లో మాత్రం మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాని ‘హెరిటేజ్ లిక్కర్’గా గుర్తించి ఆదివాసీ స్వయంసహాయక సంఘాలకి కాచే వీలు ఇచ్చింది. ఆదిలాబాద్‌లో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుని లడ్డూలు చేసి అమ్ముతున్నారు, అది మరో దారి. కిత్తనార సంగతికొస్తే, మన చిత్తూరు జిల్లాలోనే దాన్ని కాచి సారా తీసే డిస్టిలరీ ఉందని చాలామందికి తెలియదు. డెస్మండ్ నజరెత్ అనే ఆయన దక్కన్‌లో అడవి మొక్కగా పెరిగే కిత్తనారతో ‘డెస్మండ్‌జీ’ పేరిట 2011లో సీసాలు అమ్మకానికి తెచ్చాడు. ఈ మాట వహాకాలో చెబితే నవ్వారు. మొక్క అంత దూరం వెళ్లి అక్కడ కూడా అదే పని చేస్తోందా అని.

డిజైన్ అంటే సీసా ఒక్కటే కాదని అర్థమయ్యేది బట్టీ వెనక్కి వెళ్తే. ఒక్కో లీటరు సారాకి దాదాపు పది లీటర్ల పుల్లటి వ్యర్థజలం మిగులుతుంది. వాగులోకి వదిలితే చేపలు చస్తాయి. పిప్పి గుట్టలు గుట్టలు. ఈ రెండిటినీ మట్టిలో కలిపి ఇటుకలు పోయడం ఇక్కడ కొన్నిచోట్ల మొదలైంది. పిప్పి పీచు ఇటుకని బిగించి పట్టుకుంటుంది. 2017 సెప్టెంబరు భూకంపం తర్వాత అలాంటి ఇటుకలతో ఇళ్లు కూడా కట్టారు. పిప్పికి ఇంకో దారి కాగితం. వహాకా చిత్రకారుడు ఫ్రాన్సిస్కో తొలేదో శాన్ అగుస్తీన్ ఎత్లాలో చేతికాగితం కార్ఖానా పెట్టించాడు. పత్తి, కిత్తనార పీచు, అక్కడి మొక్కల నారలతో కాగితం తీస్తారు. ఎండలో ఆరేసిన కాగితాన్ని ముట్టుకుంటే పీచు గోరుకి తగులుతుంది. వహాకా నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ రాకుండా 2002లో అడ్డుకున్నదీ ఈయనే, చౌరస్తాలో జనానికి తమాలెలనే ఇక్కడి వంటకం పంచిపెట్టి మరీ. 2019లో చనిపోయాడు. ఊరి సరుకు బయటికి వెళ్లాలి, ఊరి చేతి పని మాత్రం ఊళ్లోనే ఉండాలన్నది ఆయన పెట్టిన సంస్థలన్నిటిలో కనిపిస్తుంది.

మా అమ్మాయి అసలు పని మీయవత్లాన్ దాటాక, కొండల్లో ఒక చిన్న ఊళ్లో. ఆ కుటుంబం ఏళ్ల తరబడి ఒక బ్రాండుకి క్యాన్ల లెక్కన సారా పోసింది. ఇప్పుడు కొంత సరుకు సొంత సీసాల్లో అమ్ముకుందామని. వాళ్లు ఇచ్చే డబ్బులు తక్కువ కాబట్టి స్టూడియో ఒప్పుకోలేదు, మా అమ్మాయే సెలవుల్లో చేసిపెడుతోంది. మొదటి నమూనాలో పుర్రె గీసింది. మెక్సికో అంటే సీసా మీద పుర్రె ఉండాలని బయటివాళ్లకి ఒక లెక్క. ఆ ఇంట్లో సారా కాచే మాస్టారు ఆ కాగితం ఎత్తి పట్టుకుని, “ఎవరిదమ్మా ఇది? మా నాన్నదా?” అన్నారు. పుర్రె పోయింది.

రెండో నమూనాకి అచ్చు ఖర్చు అడ్డొచ్చింది. వీళ్లు ఒక్కో విడతలో కాచేది మహా అయితే రెండు మూడు వందల సీసాలు, ప్రతి విడతకీ మొక్క రకం వేరు, ఘాటు వేరు. పట్నంలో ప్రెస్సువాడు వెయ్యికి తక్కువ వేయనంటాడు. ఏ రకానికి ఆ రకం లేబుల్ వేయిస్తే సగం మూలన పడుంటాయి. అందుకని ఇప్పుడు మా అమ్మాయి తెచ్చిన నమూనాలో అచ్చులో ఉన్నది చాలా తక్కువ. పైన ఊరి పేరు పెద్దక్షరాల్లో, కింద గీతలు. మొక్క రకం, చేను పేరు, గోతిలో పెట్టిన తేదీ, గానుగలో దంచారా, గొడ్డలితో కొట్టారా, లీటర్లు, ఘాటు, సీసా నంబరు. ఖాళీలు పెన్నుతో నింపుకోవాలి. హైస్కూల్లో చదివే వాళ్ల కూతురి చేతిరాత ముత్యాలకోవ. ఆ పిల్ల అప్పటికే ఒకటి నింపి చూపించింది.

అంతా బాగుందనుకున్నాక మాస్టారి భార్య ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. “కాచినవారు అని ఒక్క గీతే ఉందేం?” అంది.

గీత ఒక్కటే ఎందుకుందో మా అమ్మాయి చెప్పింది. అన్ని బ్రాండ్లలోనూ అలాగే ఉంటుంది, మాస్టరు ఒక్కరే కాబట్టి.

“బోదెలు కాల్చేది ఆయన. ఊట పెట్టి రాత్రిళ్లు లేచి చూసేది నేను. ఎప్పుడు బట్టీ ఎక్కించాలో చెప్పేది నేను. ఈయన నన్ను అడక్కుండా మంట వేస్తాడేమో అడుగు.”

అడగలేదు. మాస్టారు గోడ వైపు చూస్తున్నారు.

ఇక్కడ నాకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. కాచినవాడి పేరు వేయడం గొప్ప మర్యాద అని నేను దారంతా చెప్పుకుంటూ వచ్చాను. ఆ మర్యాదకి ఒక్క గీతే కేటాయించడం వల్ల ఎన్ని బట్టీల్లో ఎంతమంది ఆడవాళ్లు సీసా మీదికి రాలేదో. ఊళ్లలో ఈ పని ఇంటిల్లిపాదీ చేస్తారు. మోసేది కొడుకులు, కట్టెలు చీల్చేది బావమరిది, ఊట చూసేది భార్య. ప్యాకెట్ కన్నా ఇది మేలే, సందేహం లేదు. అయినా కంప్యూటర్ మీద గీసిన ఒక గీత ఒక ఇంట్లో ఎవరు పనిమంతులో తేల్చేస్తోంది.

మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి అక్కడే రెండో గీత వేసింది. ‘మాస్టరు’ అన్న మాట తీసేసింది. రెండు గీతలూ ఒకే పొడవు. పేర్ల వరస మీద కాసేపు వాదన నడిచి, అక్షరక్రమం అనేసరికి ఆవిడ పేరే ముందు వచ్చింది, మాస్టారు ఒప్పుకున్నారు. తర్వాత ఫోన్ నంబరు గొడవ. ఫోన్ నంబరు ఉంటే లేబుల్ చవకగా కనిపిస్తుందని, మెక్సికో సిటీ దుకాణాల వాళ్లు ఇష్టపడరని మా అమ్మాయి అంది. వాళ్లకి తెలియకుండా కొనేవాడు నేరుగా ఫోన్ చేస్తాడు, అసలు కారణం అదేనని నేను తెలుగులో అన్నాను. “తెలుసు బాబాయ్, నోర్ముయ్,” అంది, అదీ తెలుగులోనే. చివరికి నంబరు వెనక లేబుల్ మీద, ఊరి పేరంత సైజులో పడింది. నంబరు ఆవిడది వేశారు. ఆయన ఫోన్ ఎత్తడట.